మొగుడితో పట్టుబడ్డ దొరసాని

జెనోవాలో పెద్దింటి ఆడదానికి ఇద్దరు మగవాళ్ళు తప్పనిసరి. ఒకడు పెళ్ళి చేసుకోవడానికి, రెండోవాడు మాట్లాడుకోవడానికి. ఆ రెండోవాడిని చిచిస్బేయో అంటారు. పొద్దున చాక్లెట్ కాచి పట్టుకెళ్ళడం దగ్గర్నుంచి దీపం ఆర్పేదాకా ఆమె పక్కన ఉండవలసినవాడు అతనే. పల్లకి పక్కన నడవాలి, చర్చి గుమ్మంలో పవిత్రజలం వేలికొసలతో అందించాలి, నాటకశాలలో కుర్చీ వెనక నిలబడి అందరికంటే ముందు ఆవలించకుండా ఉండాలి. మొగుళ్ళెవరూ దీనికి కుళ్ళుకోరు. కుళ్ళుకోవడానికి తీరికేదీ? ఆ వేళకి ప్రతి మొగుడూ ఇంకో ఇంట్లో ఇంకొకావిడ కుక్కను మోస్తూ ఉంటాడు.

కవలియేరే బిరుదున్న అన్సెల్మో ఈ విద్యలో ఆరితేరినవాడు. మార్కీజు లజ్జారో గారి భార్య పెల్లీనాకి పదకొండేళ్ళుగా చిచిస్బేయోగా ఉన్నాడు. ఆమె విసనకర్ర, ఆమె జపమాల, ఆమె తలనొప్పి మందు, సెనేటర్ అనే పేరుగల ఆమె బొచ్చుకుక్క, ఇవన్నీ ఒకే చేత్తో మోస్తూ రెండో చేత్తో టోపీ తీసి నమస్కారం పెట్టగలడు. అతని పేరు ఆమె పెళ్ళి ఒప్పందంలోనే ఉంది. ఏడో షరతు. 'చాక్లెట్ వేళ మొదలు దీపం ఆర్పు వేళ వరకు సదరు అన్సెల్మో గారి స్థానంలో మరెవ్వరూ ఉండరాదు.' ఊళ్ళో పెద్దిళ్ళన్నిటికీ నోటరీ ఒక్కడే. పేర్లు మార్చి అదే కాగితం అందరికీ రాసిచ్చేవాడు.

ఆ ఏప్రిల్ ఉదయం అన్సెల్మో ఎప్పటిలాగే పెల్లీనా గారింటి వంటగదిలో చాక్లెట్ దగ్గరుండి నురగ కట్టించి, వెండి కూజాలో పోయించుకుని మేడెక్కాడు. గది ముందు పనిమనిషి కత్తెరీనా చేతులు బార్లా చాపి నిలబడింది.

"అమ్మగారికి తలనొప్పి బాబుగారూ."

"తలనొప్పికి చాక్లెట్ మంచిదే."

"జ్వరం కూడా వచ్చిందండి."

"జ్వరానికీ మంచిదే."

"దద్దుర్లు కూడానండి. అంటుకునే రకం."

అంతలో లోపలినుంచి నవ్వు వినిపించింది. పెల్లీనా నవ్వు. దాని వెనకే మగ నవ్వు. ఆమె తన మాటలకి అలా నవ్వి ఎన్నేళ్ళయిందో అన్సెల్మోకి గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే అతనికి ఆమె మీద కంటే ఆ స్థానం మీదే ప్రేమ ఎక్కువ. కానీ ఆ స్థానమే అతనికి సర్వస్వం. దొరసాని వదిలేసిన చిచిస్బేయోకి జెనోవాలో కూర్చోవడానికి కుర్చీ ఉండదు, నిలబడటానికి కుర్చీ వెనక చోటూ ఉండదు.

కత్తెరీనాని పక్కకి తోసి తలుపు తీశాడు. పడకగదిలో, అద్దం ముందు, రాత్రి టోపీతో, ఇంటి చెప్పులతో, ఎవడో ఒకడు పెల్లీనా జుట్టు దువ్వుతున్నాడు. అన్సెల్మో ఇంకేమీ ఆలోచించలేదు. కూజా విసిరాడు. వాడు సరిగ్గా అప్పుడే వెనక్కి తిరిగాడు. కూజా ముక్కుకి తగిలింది, మూత ఎగిరి కుక్కకి తగిలింది, చాక్లెట్ మొహం నిండా, చొక్కా నిండా కారింది. వాడు నిలువునా కూలబడ్డాడు.

కత్తెరీనా తొంగిచూసి "ఖూనీ, ఖూనీ" అని వీధికి వినబడేలా అరిచింది.

"ఏం పని చేశారండీ అన్సెల్మో గారూ," అంది పెల్లీనా, నేలమీద కూర్చుని వాడి తల ఒళ్ళోకి తీసుకుంటూ. "ఈయన మా ఆయన."

"అబద్ధం. మీ ఆయన ఈ వేళప్పుడు ఇక్కడెందుకుంటారు?"

పడ్డవాడు మెల్లిగా మొహం తుడుచుకున్నాడు. నిజంగానే మార్కీజు లజ్జారో. ముక్కు వంకాయలా వాచింది, ముందు పన్ను ఒకటి కనబడకుండా పోయింది. అన్సెల్మో అతన్ని పండగలకీ పెళ్ళిళ్ళకీ తప్ప చూడలేదు. రాత్రి టోపీలో ఎలా పోల్చుకుంటాడు పాపం.

"క్షమించండి అన్సెల్మో గారూ," అన్నాడు లజ్జారో, పన్ను పోయిన సందులోంచి గాలి ఊదుతూ. "మీ వేళ అని నాకు తెలుసు. మాటల్లో పడి చూసుకోలేదు."

మధ్యాహ్నానికల్లా ఊరంతా గుప్పుమంది. కొట్టడం గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కోపంలో ఎవరైనా కొడతారు, చేతిలో ఏదుంటే అది విసురుతారు. ఊరు ముక్కున వేలేసుకున్నది ఇంకోదానికి.

"సొంత మొగుడితోనా?" అన్నారు కిటికీల్లోంచి.

"పట్టపగలట. జుట్టు దువ్వుతున్నాడట."

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోందో ఏమిటో. పెళ్ళి కావలసిన ఆడపిల్లలున్న వీధి, కాస్త తలుపు గడియైనా వేసుకోవద్దూ."

వాన రోజున పల్లకీలు దొరక్క మొగుడూ పెళ్ళాం ఒకే పల్లకీలో ఇరుక్కుని ఇంటికొచ్చారనీ, దారిలో అతను ఏదో జోకు వేశాడనీ, అప్పటినుంచే ఈ వ్యవహారమనీ కత్తెరీనా నలుగురికి చెప్పింది. ఆ నలుగురూ నలభైమందికి చెప్పారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని లజ్జారోని ఆడిపోసుకోని నోరు లేదు. పేరులో ఉన్న లజ్జ మనిషిలో లేదన్నవాళ్ళూ ఉన్నారు.

విచారణకి సెనేటర్లలోంచి ముగ్గురు పెద్దల్ని వేశారు. అది జరిగేదాకా నెల్లాళ్ళు అన్సెల్మో సొంత ఇల్లు కదలకూడదన్నారు. అతను ఆ సాయంత్రమే కూర్చుని ఇరవై పేజీల అర్జీ రాశాడు. 'మొగుడనే పేరు పెట్టుకుని ఎవడు పడితే వాడు భార్య గదిలో జొరబడితే మర్యాదస్తుల గతేమిటి' అని అందులో ఒక వాక్యం. ఏడో షరతు కాపాడి తన స్థానం తనకి ఇప్పించాలని, మొగుళ్ళు హద్దులో ఉండేలా కట్టడి చెయ్యాలని వేడుకున్నాడు. సంతకం పెట్టాక తన రాతకి తనే కాస్త కంటతడి పెట్టుకున్నాడు.

అన్సెల్మోకి ఇల్లుందని చెప్పాను. భార్య కూడా ఉంది. పేరు ఓర్సొలా. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు అతను తన ఇంటిని వెలుతురులో చూసినదే తక్కువ. ఆ మొదటి రోజు భోజనాల గదిలో ఆమె ఎదురుపడితే లేచి నిలబడి వంగి నమస్కారం పెట్టాడు.

"ఇక్కడే ఉంటారా?" అంది ఆమె.

"నెల్లాళ్ళండి. మీకు ఇబ్బంది లేకపోతే."

"ఇబ్బందేం లేదు గానీ, మీ గదిలో పుట్టగొడుగులు ఆరబెట్టాను. మంచం మీద కూడా. వాటిని కాస్త జరిపి పడుకోండి."

జరిపి పడుకున్నాడు. మర్నాడు చాక్లెట్ వేళకి మెట్లమీద చేతికర్ర టక్కుటక్కుమంది. ఓర్సొలా చిచిస్బేయో, మార్కీజు ఇప్పొలీతో. అరవై ఎనిమిదేళ్ళు, కాళ్ళ నిండా వాతం, మంచి మనసు, చీటికీ మాటికీ ఏడుపు. అన్సెల్మో మర్యాద తెలిసినవాడు కాబట్టి లేచి పుట్టగొడుగుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. రోజంతా అక్కడే ఉన్నాడు. సాయంత్రానికి అతని కోటు కూడా పుట్టగొడుగుల పులుసు వాసన కొట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇప్పొలీతో గారు కాళ్ళ నొప్పులెక్కువై త్వరగా ఇంటికి వెళ్ళిపోయారు. ఓర్సొలా పుట్టగొడుగులు తిరగెయ్యడానికి వచ్చి, మంచం చివర కూర్చుంది.

"ఊరంతా చెప్పుకుంటున్నారు. నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. అసలు ఎలా విసిరారండీ?"

అతను చెప్పాడు. చెప్పడం చాలదంది. వంటింట్లోంచి ఖాళీ కూజా తెచ్చి, గోడకి ఒక దిండు ఆనించి, దానికి రాత్రి టోపీ పెట్టింది.

"ఇదిగో మార్కీజు లజ్జారో. కానివ్వండి."

విసిరాడు. గురి తప్పి కిటికీలో ఉన్న పూలకుండీకి తగిలింది.

"ఇంత చేతకాని చెయ్యితో అంత పెద్ద ముక్కుని ఎలా కొట్టారు?" అని ఓర్సొలా నవ్వింది. ఆమె నవ్వు చివర పందిపిల్ల గురకలాంటి శబ్దం ఒకటి వస్తుంది. పదకొండేళ్ళలో అతను ఆ శబ్దం వినలేదు. ఇంకోసారి వినాలనిపించింది.

"అప్పుడు కోపంలో ఉన్నానండి."

"అయితే కోపం తెచ్చుకోండి. మళ్ళీ."

అలా రోజూ మధ్యాహ్నం, ఇప్పొలీతో గారు నొప్పులతో ఇంటికెళ్ళి పడుకునే వేళ, కూజా విసరడం అలవాటైంది. తర్వాత పేకాట. ఓర్సొలా బాహాటంగా దొంగాట ఆడేది, పట్టుకుంటే "మీకింకా కళ్ళు కనబడుతున్నాయన్నమాట" అనేది. ఎండు పుట్టగొడుగుల్లో పురుగులు ఏరుతూ ఊళ్ళోవాళ్ళ నడకలన్నీ కూర్చునే అనుకరించేది. ఆమె అంత తమాషా మనిషని తనకెవరూ చెప్పలేదే అని అన్సెల్మో ఆశ్చర్యపోయాడు. చెప్పవలసినవాడు ఇప్పొలీతో గారు. కానీ మర్యాదస్తులు ఒకరి భార్య సంగతి ఆమె మొగుడి దగ్గర ఎత్తరు.

"ఒక రహస్యం చెప్పనా?" అంది ఒక రోజు. "ఇప్పొలీతో గారు చాక్లెట్‌లో పంచదార ఒక్క చెంచాయే వేస్తారు. నాకు రెండు కావాలి."

"చెప్పకపోయారా?"

"మొదటి రోజే చెప్పాల్సింది. మొహమాటపడ్డాను. ఇప్పుడు చెబితే పదకొండేళ్ళ చేదు మింగిందని కుమిలిపోతారు. మంచి మనిషి."

"మరి ఎలా తాగుతున్నారు?"

"కళ్ళు మూసుకుని. పారవశ్యం అనుకుంటారాయన."

ఇరవయ్యో రోజున ఆమె ఇప్పొలీతో గారిని గులాబీనీళ్ళ కోసం ఊరి అవతలికి పంపింది. ఇరవై ఒకటో రోజున తేనె కోసం ఇంకో అవతలికి. ఇరవై రెండో రోజున ఆయన దారిలో కాలునొప్పని సగంలోనే తిరిగొచ్చేశారు. చేతికర్ర టక్కుటక్కు మెట్లమీద వినబడేసరికి అన్సెల్మో ఇంటి చెప్పులతో, ఓర్సొలా గదిలో, ఓర్సొలా జుట్టు దువ్వుతున్నాడు.

"తెర వెనక్కి," అంది ఆమె.

సొంత ఇంట్లో, సొంత పెళ్ళాం గదిలో, తెర వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చేతిలో దువ్వెన. అక్కడ నిలబడ్డప్పుడు అతనికి రెండు సంగతులు తెలిసొచ్చాయి. ఒకటి, తను ఓర్సొలాని ప్రేమిస్తున్నాడు. రెండు, తన ఇరవై పేజీల అర్జీ పెద్దల చేతిలో ఉంది. అది గెలిస్తే ఈ తెర వెనక కూడా తనకి చోటుండదు.

"అయితే ఓడిపోవాలి," అన్నాడు ఆ సాయంత్రం.

"మీరా? మీరు ఊళ్ళో అందరికంటే అందంగా రాస్తారటగా," అంది ఓర్సొలా. ఈసారి నవ్వలేదు.

విచారణ రోజున సభ కిటకిటలాడింది. పైన వరండాలో ఆడవాళ్ళు, ప్రతి కుర్చీ వెనకా ఒక చిచిస్బేయో. పెద్దలు ముగ్గురూ నల్లకోట్లు వేసుకుని కూర్చున్నారు. ముగ్గురికీ ఇంట్లో భార్యలున్నారు, బయట దొరసానులున్నారు.

"నేరం జరిగినప్పుడు ఆ గదిలో ఇంకెవరున్నారు?" అని అడిగాడు అందరికంటే పెద్దాయన.

"సెనేటర్ ఉన్నారండి," అన్నాడు అన్సెల్మో. "మంచం కింద."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రెండో పెద్దాయన మొహం ఎర్రబడింది.

"ఏ సెనేటర్?"

"కుక్కండి. మూత తగిలి చెవి కమిలింది."

రెండో పెద్దాయన గట్టిగా ఊపిరి పీల్చుకుని నీళ్ళు తెమ్మన్నాడు.

లజ్జారో లేచాడు. ముక్కుకి కట్టు ఉంది. నేను నా భార్యని ప్రేమించాను, దాచను అన్నాడు. పైన విసనకర్రలన్నీ ఒక్కసారి జోరందుకున్నాయి, ఒకావిడ మూర్ఛపోయి తన చిచిస్బేయో మీద కాక పక్కావిడ చిచిస్బేయో మీద పడింది. పెల్లీనా తల వంచుకోలేదు. ఆయన నన్ను నవ్విస్తారండి, అంతే అంది.

అన్సెల్మో వంతు వచ్చింది.

"తప్పంతా నాదేనండి," అన్నాడు. "నా అర్జీ వెనక్కి తీసుకుంటాను. మొగుడు భార్య గదిలో ఉండటం నేరం కాదు. ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. నన్ను శిక్షించండి, ఆ ఏడో షరతు కొట్టెయ్యండి."

పెద్దలు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత ఔదార్యం," అన్నాడు. "తన స్థానం లాక్కున్నవాడి తరఫున మాట్లాడుతున్నాడు. చిచిస్బేయో అంటే ఇలా ఉండాలి."

"ఔదార్యం కాదండి, నిజంగానే..."

"చాలు నాయనా. మా గుండెలు ఇంతకంటే తట్టుకోలేవు."

తీర్పు చదివారు. అది అన్సెల్మో అర్జీయే, అక్షరం మార్చకుండా. ఏడో షరతు ఉన్న ఏ ఇంట్లోనైనా చాక్లెట్ వేళ మొదలు దీపం ఆర్పు వేళ వరకు మొగుడు భార్య గది గడప తొక్కరాదు. తొక్కినవాడు కోట గోడకి అవతల తన తోట ఇంట్లో ఏడాదిపాటు ఉండాలి. ముందుగా లజ్జారో మర్నాడే పోవాలి. అన్సెల్మో నిర్దోషి. సొట్టపడ్డ వెండి కూజా అతనికి సత్కారంగా ఇవ్వాలి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఇతని గోతి మీద పూలు కూడా చల్లారు. చప్పట్ల మధ్యన అన్సెల్మో కూజా పట్టుకుని పైకి చూశాడు. ఓర్సొలా విసనకర్రతో మొహం కప్పుకుంది. ఆమె పక్కన ఇప్పొలీతో గారు ఆనందం పట్టలేక ఏడుస్తున్నారు.

మర్నాడు చాక్లెట్ వేళకి అన్సెల్మో ఉరికంబం ఎక్కేవాడిలా పెల్లీనా గారింటికి వెళ్ళాడు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గుమ్మంలో కత్తెరీనా, ఆమె చంకలో సెనేటర్.

"అమ్మగారు లేరండి. తెల్లారగానే అయ్యగారితో తోట ఇంటికి వెళ్ళిపోయారు."

"ఆయనతోనా? తీర్పు వినలేదా?"

"విన్నారండి. వినే నోటరీని పిలిపించి అడిగారు. ఏడో షరతు కోట గోడ దాటితే చెల్లదట. అక్కడ మొగుడూ పెళ్ళాం ఎలా ఉన్నా అడిగేవాడు లేడట. కుక్కని మీకిమ్మన్నారు, మీ చేతికి అలవాటని."

అన్సెల్మో కుక్కని తీసుకున్నాడు. పదకొండేళ్ళ స్థానం పోయింది, పోయినందుకు బాధ వస్తుందేమోనని కాసేపు గుమ్మంలోనే ఆగి చూశాడు. రాలేదు. కోట గోడకి అవతల తనకీ ఒక తోట ఇల్లుందని, పైకప్పు కాస్త కారుతుందని గుర్తొచ్చింది.

పల్లకీలో తిరిగి వస్తుంటే తన ఇంటి సందులో ఎదురుగా ఇంకో పల్లకి వచ్చింది. ఆ సందులో రెండు పల్లకీలు పట్టవు. బోయీలు ఆగిపోయి నువ్వు వెనక్కంటే నువ్వు వెనక్కని మొదలెట్టారు. ఎదుటి పల్లకీ కిటికీలోంచి ఇప్పొలీతో గారు తల బయటపెట్టారు. ఒళ్ళో తుండుగుడ్డ కప్పిన కూజా.

"నాయనా అన్సెల్మో, నీ మేలు మరిచిపోలేను," అన్నాడు పెద్దాయన. "నీ అర్జీ లేకపోతే మాలాంటి ముసలివాళ్ళ గతేమిటి?"

అన్సెల్మోకి జాలేసింది. నిజంగానే వేసింది. అయినా నోరు తెరిచాడు.

"మార్కీజు గారూ, ఒక మాట. ఓర్సొలాకి పంచదార రెండు చెంచాలు కావాలి. మీరు ఒకటే వేస్తున్నారు."

ఇప్పొలీతో గారు కూజా మీది తుండుగుడ్డ ఎత్తి లోపలికి చూశారు. బోయీలు కూడా వాదన ఆపారు.

"నీకెలా తెలుసు?" అన్నాడు చివరికి.

"ఆవిడే చెప్పిందండి."

"ఎప్పుడు?"

"మీరు లేని వేళ. ఆవిడ గదిలో. జుట్టు కూడా దువ్వాను."

పెద్దాయన చెయ్యి కూజా మీద పడింది. అరవై ఎనిమిదేళ్ళ చేతికి అంత గురి ఉంటుందని అన్సెల్మో అనుకోలేదు.

చాక్లెట్ కారుతూ, కుక్కని చంకన పెట్టుకుని, నుదుటిమీద గుడ్డంత బొప్పితో మేడెక్కి, పట్టపగలు అందరూ చూస్తుండగా భార్య గది గడప తొక్కాడు. ఓర్సొలా లేచి నిలబడింది.

"అయ్యో, రక్తం."

"కాదు. తోట ఇంటికి ఏడాదికి సరిపడా బట్టలు సర్దు. పుట్టగొడుగులు కూడా."

ఓర్సొలా దగ్గరకొచ్చింది. అతని చెంప మీద వేలితో రాసి, నాలుక మీద పెట్టుకుని, ఈసారి కళ్ళు తెరిచే రుచి చూసింది.

"ఒక చెంచా తక్కువే," అంది. చివర్లో ఆ పందిపిల్ల గురక కూడా వచ్చింది.